తెరెక్ కుక్కలు ఉమ్మేసిన మాత్రలు

బిష్కెక్,
ఏప్రిల్ 9

ఇమానాలీ తాయకేకి,

మీ చెల్లెలి కూతురు బురుల్చా సలాములు. ఫోన్ చేస్తే మీ చెవికి సగం మాటలే అందుతాయనీ, మిగతా సగం మీరే కల్పించుకుంటారనీ అత్తయ్య చెప్పింది. అందుకే వ్యాను తోలే తాలాంత్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మొన్న జిల్లా ఆఫీసులో చీటీలు తీశాం. మీ లోయలోని ఎనిమిది ఊళ్ల పేర్లూ రాసి జుమగుల్ ఎజే వాళ్ల నాన్నగారి కల్పక్ టోపీలో వేసింది. ఆవిడ పశువుల డాక్టరు, ఈ పరిశోధనకి పెద్ద, మా అందరికీ అక్క. మనుషుల కడుపులు చూసే డాక్టర్లు ఓ పక్క, కుక్కల్ని చూసే డాక్టర్లు ఓ పక్క, మధ్యలో నేను. వాళ్లు కాలేయం గురించి మాట్లాడినా, పురుగు గురించి మాట్లాడినా నేను అడిగేది ఒకటే: ఎన్ని, ఏ రోజు, ఎలా తెలిసింది? "లెక్కల పిల్లనే తియ్యమనండి, దానికి ఏ ఊరి మీదా మమకారం ఉండదు" అన్నారెవరో. నేను పుట్టిన ఊరి చీటీ ఆ టోపీలో ఉందని జుమగుల్ ఎజేకి తప్ప ఎవరికీ తెలీదు.

నాలుగు చీటీలు తీశాను. ఆ నాలుగు ఊళ్ల కుక్కలకి, వాటి పురుగు పిల్లల కాలేయాలకి చేరకుండా, నెలనెలా మాత్ర వేస్తారు. తక్కిన నాలుగూ వచ్చే ఏడాది దాకా ఆగాలి. ఏటికి అవతలి తెరెక్ వచ్చింది. అక్కడ మాత్రలు వేసే పని మీకే ఇవ్వమని జుమగుల్ ఎజే అంది. మన తాష్-బెల్ రాలేదు.

ఇక్కడ పోప్లార్ చెట్లు ఇంకా మేలుకోలేదు. కిటికీ పక్కన కూచుంటే కాగితం మీది చుక్కలు కొండవాలు మీద గొర్రెల్లా కదులుతున్నట్టుంటాయి. లెక్కపెట్టేలోగా కలిసిపోతాయి.

మీ
బురుల్చా

తాష్-బెల్,
మే 20

నా ఒంటెపిల్లా,

తాలాంత్ నీ ఉత్తరాన్ని మాంసం సంచీలో పడేసి తెచ్చాడు. మీ అత్తయ్య దాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టి చదివి వినిపించింది. చదివేటప్పుడు 'తాష్-బెల్ రాలేదు' అన్న చోట గొంతు తగ్గించింది, నాకు వినపడదనుకుంది. నాకు అదొక్కటే వినపడింది.

నలభై ఏళ్లు పశువులకి సూదులు పొడిచి ఇంట్లో కూచున్నవాణ్ణి మళ్లీ గుర్రం ఎక్కించారు, సంతోషం. తెరెక్‌లో అరవై కుక్కలు. గొర్రె తోకకొవ్వు ముద్దలో మాత్ర దాచి ఇస్తే కళ్లు మూసుకుని మింగేస్తాయి. పొద్దున మంచు తెరలో ఏరు దాటుతుంటే అవతలి ఒడ్డు కనపడదు. గుర్రానికి దారి తెలుసు కాబట్టి నేను జోగుతుంటాను. ఉన్నట్టుండి ఆ తెరలోంచే ఒక ముక్క ఊడివచ్చినట్టు తెల్ల కుక్క ఒకటి ఎదురొస్తుంది. అది కలో కుక్కో తేల్చుకోవడానికి కొవ్వు ముద్ద విసురుతాను. తింటే కుక్క.

ఊళ్లో మాత్రం తలెత్తుకోలేకపోతున్నాను. పక్కింటి సాపార్ నిన్న గోడ మీంచి, "ఏం ఇమానాలీ, మీ మేనకోడలి చెయ్యి మన ఊరి చీటీని తడిమి మరీ వదిలేసిందా?" అన్నాడు.

"చీటీకి ముక్కూ మొహం ఉంటాయా?" అన్నాను.

"కళ్లు మూసుకుని ఉన్ని తడిమి ఎవరి గొర్రో చెప్పే మనిషివి. నీ రక్తంలో పుట్టినదానికి ఆమాత్రం తెలీదా?" అన్నాడు.

నవ్వేశాను. కానీ అమ్మాయ్, ఒక్క ఊరు ఎక్కువైతే మీ లెక్కకి వచ్చిన నష్టమేంటి? మాత్రలు నా జీనుసంచీలోనే ఉంటాయి. ఏరు మోకాలి లోతే.

ఇమానాలీ

బిష్కెక్,
జూన్ 11

తాయకే,

నష్టమే. మీరు చెప్పిన కథే మీకు గుర్తుచేస్తాను. ఒక ఏడు కొండ మీది మేతకి తోలిన మంద బాగా బలిసిందట. అందరూ ఆ గడ్డి గొప్పదన్నారట. మీరొక్కరే, "బలంగా ఉన్నవాటినే పైకి తోలారు, కాళ్లీడ్చేవి కిందే ఉండిపోయాయి. గొప్ప గడ్డిదో గొర్రెదో ఎవడు చెప్పాడు?" అన్నారట. నేను యూనివర్సిటీలో ఆరేళ్లు చదివింది ఆ ఒక్క మాటే.

మనకి ఇష్టమైన ఊళ్లకి మాత్రలిస్తే రేపు మాత్రలకి డబ్బిచ్చే బిష్కెక్ పెద్దలు అదే అడుగుతారు. మాత్ర వల్ల తగ్గిందా, ఎండలు మండి పురుగు గుడ్లు మాడిపోయాయా, ఆ ఊరివాళ్లే శుభ్రమా? జవాబు లేకపోతే ఏ ఊరికీ మాత్రలు రావు. చీటీకి మమకారం లేదు కాబట్టే దాని మాట నిలుస్తుంది.

ఆగస్టులో డాక్టర్లు స్కాన్ యంత్రం తీసుకుని తాష్-బెల్ వస్తారు. పిల్లల కడుపులన్నీ చూస్తారు. వేసవి మేతకి వెళ్లినవాళ్లని ఓ రెండు రోజులు కిందికి రప్పించండి.

పోప్లార్ దూది గదిలోకి కూడా వస్తోంది. మొన్న నా కాగితాల మీద పడితే, తీసెయ్యాలనిపించక దాని పక్కనుంచే రాసుకుంటూ పోయాను.

బురుల్చా

తాష్-బెల్,
ఆగస్టు 17

నా ఒంటెపిల్లా,

డాక్టర్లు వచ్చి వెళ్లారు. బడిలో పరుపు వేసి, కిటికీలకి దుప్పట్లు కట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినే పడుకోబెట్టారు. నేను బయట వరస చూస్తున్నాను. పిల్లలు ఆ చీకటి గదిలోకి వెళ్లి, పొట్ట మీద చల్లని జిగురుతో నవ్వుతూ బయటికొస్తున్నారు. సాపార్ మనవరాలు కియాల్ వెళ్లింది. ఎనిమిదేళ్లది. అది మాత్రం చాలాసేపు బయటికి రాలేదు.

కాలేయంలో నీటి తిత్తి. ఆపిల్ పండంత ఉందన్నారు. బిష్కెక్ తీసుకెళ్లి కోయాలి.

ఆ పిల్ల ఎప్పుడూ సాపార్ కుక్క మీద తల పెట్టుకునే పడుకుంటుంది. కుక్క బొచ్చు మీది పురుగు గుడ్డు చేతికి, చేతి నుంచి నోటికి. ఇదంతా నేను నలభై ఏళ్లు ఊరూరా చెప్పిన పాఠమే. పక్కింట్లో ఆ పాఠం ఎవరికీ ఎక్కలేదు. సాపార్ గోడ అవతల కుక్కని కట్టేస్తున్నాడు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

వెళ్లి చూడమ్మా. మన ఊరి ముఖం ఒకటి కనపడితే దానికి ధైర్యంగా ఉంటుంది.

ఇమానాలీ

బిష్కెక్,
సెప్టెంబరు 14

తాయకేకి,

కియాల్ బాగుంది. ఆపరేషన్ చేసి తిత్తిని చిట్లకుండా తీశారు. నేను నాలుగుసార్లు వెళ్లాను. నిన్న నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెలు పట్టుకెళ్తే ముందు వాసన చూసింది.

"మా అమ్మమ్మవి కాదు," అంది.

"నేను చేసినవి."

"అందుకే గట్టిగా ఉన్నాయి." అయినా మూడు తింది. తర్వాత మెల్లగా, "అక్కా, మా కుక్క కడుపు కూడా కోస్తారా?" అని అడిగింది. అక్కర్లేదు, దానికి మాత్ర చాలన్నాను. "మరి వెయ్యరేం?" అంది. కిటికీలోంచి మబ్బుల్ని చూపించి మాట మార్చాను. అది మబ్బుల్లో మన కొండల్ని వెతికి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి నాకూ అవి కొండల్లాగే కనిపించాయి.

ఈ తిత్తి నాలుగైదేళ్ల కిందటిది, మన చీటీలకంటే ముందుది. దీన్ని మీరు మనసులో పెట్టుకోకండి. కియాల్ మాత్రలు లేని వైపు పిల్ల కాబట్టి దాని స్కాన్ మా లెక్కకి చాలా విలువైనది. డాక్టర్లందరూ అదే అన్నారు.

బురుల్చా

తాష్-బెల్,
అక్టోబరు 2

బురుల్చా,

విలువైనదా? ఆపిల్ పండంత తిత్తి విలువైనదా? ఎన్ని తిత్తులు దొరికితే మీ డాక్టర్లు విందు చేసుకుంటారో కూడా రాయి, మా ఊళ్లో ఇంకా పద్దెనిమిది ఇళ్లలో పిల్లలున్నారు.

చెల్లెలి బిడ్డ మన జనం కాదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

నా పని నేను చేస్తాను. నాకు ఉత్తరాలు రాయకు.

ఇమానాలీ

బిష్కెక్,
మార్చి 6

తాయకే,

చలికాలంలో మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. వాటిల్లో చెప్పిందే మళ్లీ చెబుతున్నాను: 'విలువైనది' అన్న ఆ మాట నేను సరిగ్గా రాయలేదు. కియాల్‌కి జరిగింది కాగితం మీదికి ఎక్కితే దాన్ని ఎవరూ లేదనలేరు, అదే నా ఉద్దేశం. దాని పేరు కాగితం మీద ఉండదు, ఒక అంకె ఉంటుంది. ఆ అంకె దగ్గరికి వచ్చినప్పుడల్లా నా వేలు ఆగిపోతుంది. మీకు ఇది కనపడదు కాబట్టి నాకు మనసు లేదనుకున్నారు.

అది అలా ఉంచండి. ఈసారి పని మీద రాస్తున్నాను. కుక్క మాత్ర ఉమ్మేస్తే రెండో మాత్ర వేసి 'ఉమ్మేసింది' అని రాయమన్నాం కదా. మిగతా మూడు ఊళ్లలో నెలకి రెండో మూడో ఉమ్ముతున్నాయి, ఒక్కో నెల ఒక్కటీ లేదు. తెరెక్‌లో సెప్టెంబరు దాకా అంతే. అక్టోబరులో పంతొమ్మిది. నవంబరులో పంతొమ్మిది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, పంతొమ్మిదే. తెరెక్ కుక్కలకి కొవ్వు ముద్ద మీద విసుగు పుట్టిందా?

కిటికీ బయట మంచు కరుగుతోంది. చూరు నుంచి పడే చుక్కల్ని లెక్కపెడితే ఏ రెండు నిమిషాల లెక్కా ఒకటి కాలేదు.

బురుల్చా

తాష్-బెల్,
మార్చి 25

కోడలు గారికి,

తెరెక్ కుక్కలు గొప్పింటి కుక్కలు. ఉమ్ముతాయి. వాటికి పంతొమ్మిది అంకె ఇష్టం కాబోలు. కావాలంటే నువ్వే వచ్చి నోట్లో వేలు పెట్టి చూడు.

నలభై ఏళ్లలో నా రికార్డు పుస్తకం మీద ఎవరూ వేలు పెట్టలేదు. పెట్టినదానివి నువ్వే.

మీ అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. కియాల్ బడికి వెళ్తోంది, గోడ దూకుతోంది.

ఇమానాలీ

బిష్కెక్,
ఏప్రిల్ 12

తాయకే,

నేను మీ మీద నింద వెయ్యడం లేదు. ఎక్కడ ఉన్నామో మాత్రం చెబుతాను, కూచుని నెమ్మదిగా చదవండి.

కుక్కల పెంట పరీక్షలు వచ్చాయి. మాత్రలు వేసిన నాలుగు ఊళ్లలో పురుగు బాగా తగ్గింది. వెయ్యని ఊళ్లలో మూడింట్లో కాస్తే తగ్గింది, ఎండల వల్ల కావచ్చు. నాలుగో ఊళ్లో సగానికి సగం పడిపోయింది. ఆ ఊరు తాష్-బెల్. మాత్ర వెయ్యని ఊళ్లోనే అంత తగ్గితే మాత్ర చేసిందేంటి అని బిష్కెక్ పెద్దలు అడుగుతున్నారు. ఈ నెలలో తేల్చాల్సిన నిర్ణయం జూన్‌కి వాయిదా వేశారు. అప్పటికీ జవాబు లేకపోతే మాత్రలు ఆపేస్తారు. ఎనిమిది ఊళ్లకీ.

జుమగుల్ ఎజే తల పట్టుకుని కూచుంది. నేను ఇంటికొచ్చి పగటిపూటే పడుకున్నాను. కలలో మీరు ఏరు దాటుతున్నారు. నేను ఒడ్డు నుంచి పిలుస్తున్నాను, మీ చెవికి సగమే అందుతోంది.

మీరేం చేశారో నాకు తెలీదు. తెలిస్తే దాన్ని దాచలేను, ఆ సంగతి ముందే చెబుతున్నాను. అయినా చెప్పమనే అడుగుతున్నాను.

బురుల్చా

తాష్-బెల్,
ఏప్రిల్ 30

నా ఒంటెపిల్లా,

మూడుసార్లు రాసి మూడుసార్లు పొయ్యిలో వేశాను. చివరికి మీ అత్తయ్య, "మాంసం ఉడకలేదు కానీ నీ అబద్ధాలతో పొయ్యి బాగానే మండుతోంది" అంది. ఇది నాలుగోది.

తెరెక్ కుక్కలు ఉమ్మలేదు. అన్నిటికీ సరిగ్గానే వేశాను, ఒక్క కుక్కకి కూడా తగ్గించలేదు. అది అల్లా ఎరుగు. ఉమ్మేసిందని రాసి, రెండో మాత్ర దాచుకుని ఏరు దాటి తెచ్చాను. మన ఊళ్లో ఇంటికొకటి చొప్పున ముప్పైనాలుగు కుక్కలున్నాయి. అన్నిటికీ తేలేను కాబట్టి పిల్లలున్న ఇళ్లు ఎంచుకున్నాను. సాపార్ ఇంటితో కలిపి పంతొమ్మిది.

కియాల్ ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మా వాకిట్లోకి వచ్చింది. "తాతా, మా కుక్కకి మాత్ర చాలట. నీ సంచీలో ఉన్నాయట కదా," అని చెయ్యి చాపింది. చిన్న చెయ్యి. నువ్వు గుర్తుచేసిన గడ్డీ గొర్రే కథ నాకు గుర్తుంది. ఆ చెయ్యి ముందు ఆ కథ నిలబడలేదు.

తర్వాత ప్రతి నెలా అదే. మధ్యాహ్నం ఏరు దాటి వస్తూ జీను మీద జోగుతున్నట్టు నటించేవాణ్ణి, ఎవరైనా పలకరిస్తారని. కొన్నాళ్లకి నటనో నిజమో నాకే తెలీకుండా పోయింది. కలలో దొంగతనం చేసినట్టుండేది. అది కల కాదని నీ పంతొమ్మిదితో తెలిసింది.

ఏ కుక్కకి ఏ రోజు ఎన్ని మాత్రలు వేశానో చిన్న పుస్తకంలో రాసుకున్నాను. దొంగనైనా రికార్డు రాయకుండా ఉండలేను, అలవాటు. తాలాంత్‌తో పంపుతున్నాను. ఏం చెయ్యాలో అది చెయ్యి. నన్ను చూసి ఆగకు.

నీ మీద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు మన జనమే. మనవాళ్లు కాకపోతే ఇంత నిక్కచ్చిగా ఎవరుంటారు?

ఇమానాలీ

బిష్కెక్,
జూన్ 20

ప్రియమైన తాయకేకి,

మీ పుస్తకం అందిన రోజే జుమగుల్ ఎజే బల్ల మీద పెట్టాను. ఇమానాలీ మా మేనమామ అని అందరికీ చెప్పాను. అప్పుడొక డాక్టరు, "తాష్-బెల్‌ని తీసేద్దాం, ఏడు ఊళ్లతో లెక్క కడదాం" అన్నాడు. ఇంకొకరు మాత్రలు వేసిన వైపు చేర్చేద్దామన్నారు. రెండూ కుదరవన్నాను. మనకి నచ్చినట్టు ఊళ్లని జరిపితే చీటీ ఎందుకు తీసినట్టు? చీటీ ఎటు పడితే ఊరు అటే ఉండాలి, జరిగింది జరిగినట్టు పక్కన రాయాలి. అది చెప్పి, ఈ లెక్క నేను కట్టకూడదని కూడా చెప్పాను. ఓష్ నగరం నుంచి నాకు పరిచయం లేని ఒకాయన వచ్చి మొదటినుంచీ కట్టాడు.

తాష్-బెల్‌ని దాని చోటే ఉంచినా రెండు వైపుల మధ్యా తేడా ఉంది. అనుకున్నంత లేదు, కానీ ఉంది. తర్వాత ఆయన మీ పుస్తకం తెరిచాడు. పంతొమ్మిది ఇళ్ల కుక్కల్లో పురుగు దాదాపు లేదు. మాత్ర అందని పదిహేనింటిలో ఎప్పటిలాగే ఉంది. అది రుజువని ఆయన అనలేదు. "ఊరు ఎందుకు తగ్గిందో మాత్రం తెలిసింది" అన్నాడు. పెద్దలకి అది చాలింది. సెప్టెంబరు నుంచి ఎనిమిది ఊళ్లకీ మాత్రలు.

మిగతాది కూడా చెప్పాలి. మాత్రల పని మీనుంచి తీసేశారు. కాగితం మీద మీరు చేసింది ఉంటుంది, పేరు ఉండదు. నిర్ణయం ఏప్రిల్‌లోనే జరిగి ఉంటే వేసవి మొదట్లోనే మాత్రలు మొదలయ్యేవి. వెనక్కి పోయిన ఆ నెలలు మన వల్లే పోయాయి. మన అంటున్నాను.

మీ మీద కోపం రావాలని కాచుకుని కూచున్నాను. ఇంకా రాలేదు.

బురుల్చా

తాష్-బెల్,
జూలై 15

నా ఒంటెపిల్లా,

జుమగుల్ ఎజే వచ్చి తెరెక్‌లో ఎనిమిది ఊళ్లవాళ్లనీ కూచోబెట్టింది. చేసింది నా నోటితోనే చెబుతానని అడిగి నిలబడ్డాను. తెరెక్ వాళ్లు ఏటి అవతలికి వినపడేలా అరుస్తారనుకున్నాను. ఒక ముసలాయన, "మా కుక్కలు ఉమ్ముతాయని రాశావా? వాటి పరువు తీశావు కదయ్యా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఆక్-కియా ఊరి గుల్సారా లేచింది. ఆక్-కియా కూడా చీటీ రాని ఊరే. మే నెల స్కాన్‌లో ఆమె కొడుక్కి తిత్తి కనపడింది, ఆరేళ్లవాడు. ఆమె అరవలేదు. "తాష్-బెల్ పిల్లలకి నువ్వున్నావు పెద్దాయనా. మా ఊరి పిల్లలకి ఎవరున్నారు?" అంది.

ఆ తిత్తి పాతదని నాకు తెలుసు, ఆమెకీ చెప్పారు. కానీ ఆమె అడిగింది తిత్తి గురించి కాదు. ఇన్నాళ్లూ నేను చేసింది దొంగతనమైనా దయ అనుకున్నాను. ఆ దయ మా గోడ దాటి పోలేదని అప్పుడు తెలిసింది.

వారం రోజులు ఇంట్లోంచి కదల్లేదు. తర్వాత పార తీసుకుని గుర్రం మీద ఆక్-కియా వెళ్లాను. గొర్రెని కోసినప్పుడు పేగులూ కాలేయం కుక్కలకి విసిరేస్తారు కదా, రోగం మొదలయ్యేది అక్కడే. వాటిని పూడ్చడానికి ఊరి చివర లోతుగా ఒక గుంత తవ్వి, మూత పెట్టాలని నా ఆలోచన. ఆఖరి ఇంటికి మూడు బారల దూరంలో, కుక్క గీకలేని లోతులో. ఆ ఇల్లు గుల్సారాది, గుమ్మంలో నిలబడి చూసింది. కాసేపటికి పులియబెట్టిన గుర్రంపాల కిమిజ్ గిన్నె తెచ్చి రాతి మీద పెట్టి లోపలికెళ్లిపోయింది.

నేల మీద గీత గీశాను. పార దించబోయి ఆగిపోయాను. ఇది మీ లెక్కకి అడ్డం వస్తుందా? ఏ ఊళ్లో తవ్వచ్చు, ఏ ఊళ్లో కూడదు? ఈసారి ముందే అడుగుతున్నాను. పారని అక్కడే గోడకి ఆనించి వచ్చాను. నీ జవాబు వచ్చేదాకా ముట్టుకోను.

ఇమానాలీ

బిష్కెక్,
జూలై 19

తాయకే,

లెక్క ముగిసింది. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా తవ్వచ్చు, ఎనిమిది ఊళ్లలోనూ తవ్వచ్చు.

తాలాంత్ వ్యాను బయట హారన్ కొడుతున్నాడు, అందుకే ఇంతే. తవ్వండి. ఏ ఊళ్లో ఏ రోజు తవ్వారో మాత్రం రాసి పెట్టండి.

బురుల్చా